వంటింటి యంత్రములలోని చిన్న భాగములు

రోలును, రోకలిని, మట్టికుండను వాడు విధమును తల్లి కుమార్తెకు చేతితోనే నేర్పెను. దానికి పుస్తకము అక్కఱలేకపోయెను. ప్రెషరు కుక్కరు, మిక్సీ, కరెంటు కెటిలు మన యిండ్లకు వచ్చునప్పుడు వానితో నొక చిన్న పుస్తకము వచ్చును గాని, అది అట్టపెట్టెతో గూడ ఆ దినముననే అటక యెక్కును. అందుచే ఆ యంత్రములలో మిక్కిలి చిన్నవగు భాగములు ఎందులకున్నవో యెఱుగని గృహములు అనేకములు. అపాయమును తప్పించునవి ఆ భాగములే గావున వానిని గూర్చి యిచ్చట కొంత వ్రాయుచున్నాము.

కుక్కరు మనము తలంచునంత క్రొత్తది కాదు. డెనీ పాపెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1679లో లండను నగరమున, బిగువైన మూతగల పాత్రలో యెముకలు సయితము మెత్తబడునట్లు ఉడికించి చూపెను. ఆవిరి యధికమై పాత్ర పగులకుండుటకు, బరువుతో అదిమి యుంచిన కవాటమును కూడ అతడే కల్పించెను. నేడు మన కుక్కరు మూతపై కూత వేయు వెయిటు ఆ వంశములోనిదే.

మూత లేని గిన్నెలో నీరు సముద్రతీరపు ఊళ్లలో 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరగును. ఎంత మంట పెట్టినను అంతకు మించి వేడెక్కదు. కుక్కరులో ఆవిరి బయటికి పోజాలక నీటిని అదుముటచే, అది సుమారు 120 డిగ్రీల వఱకు వేడెక్కును. కందిపప్పు త్వరగా ఉడుకుటకు కారణమిదియే. ప్రమాదమునకును ఇదియే కారణము. ఒత్తిడి తగ్గక మునుపే మూతను బలవంతముగా తీసినచో, ఆ నీటిలో కొంతభాగము ఒక్కసారిగా ఆవిరియై పప్పును పైకప్పు వఱకు విసరివేయును. అట్లు చేయి కాలిన బాలిక యొకతె నెలదినములు బడికి రాలేదు. బడిగంటకు ఆలస్యమగునను భయముచే తానే మూత తీసినదట. ఆ మాట విన్ననాటినుండి, ఆలస్యముగా వచ్చిన పిల్లలపై మేము అంతగా కోపింపము.

వెయిటు కూర్చుండు సన్నని గొట్టమును, మూత పెట్టుటకు ముందు ప్రతిదినమును వెలుతురునకు పట్టి చూడవలెను. పప్పుపొట్టు అడ్డుపడినచో కూత రాదు. కూత రానప్పుడు వెయిటును కదలింపక మంట నార్పి చల్లారనియ్యవలెను. బియ్యము, పప్పు పొంగునవి గనుక పాత్రలో సగమునకు మించి నింపరాదు.

ఇక సేఫ్టీ వాల్వు. దీనిలో పెక్కింటియందు కొలది వేడికే కరుగు లోహపు ముక్క యుండును. నీరింకిపోయిగాని, గొట్టము పూడుకొనిగాని కుక్కరు మితిమీరి వేడెక్కినచో అది కరిగి ఆవిరికి దారి యిచ్చును. మేమెఱిగిన యొక యింట అది మాటిమాటికి పోవుచున్నదని, బాగుచేయువాడు ఆ రంధ్రమున ఇనుపమర బిగించి పోయెను. ఖర్చు తప్పినదని యింటివారు సంతోషించిరి. కాఫీ త్రాగుటకు పిలువబడి వెళ్లిన మేము, ఆ కుక్కరును పొయ్యిమీదినుండి దింపించువఱకు కూర్చుండలేదు. వాల్వు పోయినచో ఆ కుక్కరు తయారుచేసిన వారి వాల్వునే కొని వేయింపవలెను. అది మాటిమాటికి పోవుచుండుట కుక్కరు చేయు ఫిర్యాదని తెలిసికొనవలెను.

వాడిన పిదప గాస్కెట్టును కడిగి, నీడను ఆరబెట్టి, మూతను బిగింపక పాత్రపై ఊరక ఉంచవలెను. బిగించి దాచినచో గాస్కెట్టు నలిగి సాగిపోవుటయేగాక లోపల దుర్వాసన పుట్టును. చింతపండు పులుసును అల్యూమినియపు కుక్కరులో రాత్రియంతయు నిలువ యుంచరాదు. పులుపు ఆ లోహమును తినివేయును.

క్రిస్మసు పండుగనాడు చుట్టములందఱకును గారెలపిండి రుబ్బుచుండగా మిక్సీ హఠాత్తుగా నిలిచిపోవుట తఱచు జరుగును. అది చెడిపోయినదని విచారింపవలదు. మోటారు వేడెక్కినప్పుడు అడుగుననున్న యెఱ్ఱ బొత్తాము కరెంటును ఆపివేయును. ప్లగ్గు తీసి, పిండి కొంత తగ్గించి, చల్లారిన పిదప ఆ బొత్తామును నొక్కినచో మరల తిరుగును. మిక్సీ గ్రైండరువలె గంటసేపు ఎడతెగక ఆడుటకు చేసినది కాదు. నడుమ నడుమ విశ్రాంతి నియ్యవలెను. ప్లగ్గు తీయక జారులో వ్రేలు పెట్టరాదని వేఱుగా చెప్పనక్కఱలేదు గాని, చెప్పుచున్నాము.

ప్లగ్గునకుగల మూడు పుల్లలలో పొడవును లావునునైనది ఎర్తుపుల్ల. రేకు ఒడలుగల యంత్రమున తీగ చెడి రేకునకు తగిలినచో, కరెంటు మన దేహము గుండ పోక దీని గుండ భూమిలోనికి పోవుటకు ఇది యున్నది. పొడవైనది గావున మిగిలిన రెండింటికంటె ముందు తగులుకొని, వానికంటె వెనుక విడివడును. గోడనున్న సాకెట్టు రెండు రంధ్రములదేయని ఈ పుల్లను విఱిచి వాడువారు కలరు. అట్టివారు సాకెట్టును మార్పింపవలెను.

సాకెట్టు బలమునుకూడ చూడవలెను. 230 వోల్టులపై 750 వాట్ల మిక్సీ సుమారు మూడుంబావు ఆంపియర్ల కరెంటును తీసికొనును. దానికి 6 ఆంపియర్ల చిన్న సాకెట్టు చాలును. 1,500 వాట్ల కెటిలు ఆఱున్నర ఆంపియర్లు తీసికొనును. దానిని 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టునకే తగిలింపవలెను.