పన్నెండు నెలల పూలతోట

సంక్రాంతి దినములలో తూర్పు గోదావరి జిల్లాలోని కడియపు మొక్కల తోటలను చూచినవారికి కన్నులు చెదరును. మడులలోను కుండీలలోను బంతి, చేమంతి, గులాబి విరగబూసి యుండును. క్రొత్తగా ఇల్లు కట్టుకొన్న గృహస్థు అచ్చట ఏది పూచి కనబడునో దానినే కొని, బండినిండ మొక్కలతో ఇల్లు చేరును. రెండు నెలలు ఆ వాకిలి కళకళలాడును. చైత్రము వచ్చునప్పటికి బంతి విత్తు కట్టి యెండిపోవును, చేమంతి పూత ముగియును. వైశాఖములో ఆ దొడ్డి బోసిపోవును. నీరు పోయలేదని ఆయన ఇంటివారిని, మొక్కలు మంచివి కావని అమ్మినవారిని నిందించును. నిజమునకు తప్పు వారిది కాదు. ఒక్కనాడు చూచి కొన్న తోట ఒక్క ఋతువులోనే పూయును.

ఏడాది పొడవునను పూలు కావలెనన్నచో మొక్కలకంటె ముందు ఒక కాగితమును తెచ్చుకొనవలెను. దానిపై చైత్రము మొదలు ఫాల్గుణము వరకు పన్నెండు గడులు గీసి, ఏ మొక్క ఎప్పుడు పూయునో ఆయా గడులలో వ్రాయవలెను. మందారము, నందివర్ధనము, కనకాంబరము ఇంచుమించు అన్ని గడులలోను కనబడును. తోటకు ఇవియే పెద్దదిక్కు. శ్రావణము మొదలు కార్తికము వరకు గడులు సులభముగా నిండును. జాజి, చంద్రకాంత, సీతమ్మవారి జడ, తెల్లవారుసరికి నేల రాలు పారిజాతము వానకాలమున కొరత రానీయవు. ఆ దినములలో తంగేడు, గునుగు ఎవరును నాటకయే బయళ్లలో పూచి బతుకమ్మను చేరును. కనుక ఖాళీగా మిగిలిన గడులేవియో చూచుటయే అసలు పని. చాల ఇండ్లలో అవి చైత్ర, వైశాఖ, జ్యేష్ఠములు. నూతిలో నీరు అడుగంటు నెలలును అవియే.

ఆ గడులలో మొదట వ్రాయదగినది మల్లె. దానికి వేసవిలో చేయు సేవకంటె చలికాలమున చేయు పని ముఖ్యము. మార్గశిర పుష్యములలో నీరు ఆపి, ఆకు దూసి, కొమ్మలను మోకాలెత్తున కత్తిరింతురు. చూచువారికి చెట్టును చంపుచున్నట్లు తోచును. కాని మల్లె మొగ్గ తొడుగునది క్రొత్త చిగుళ్లయందే. పాత కొమ్మలను అట్లే విడిచినచో ఆకు మెండు, పువ్వు కొంచెము. కత్తిరించిన పిదప ఎరువు వేసి తిరిగి నీరు పెట్టినచో వసంతమునకు పొద నిండ మొగ్గ వచ్చును.

రెండవది కాగితపు పూల తీగ. దానికి రంగునిచ్చునవి పూరేకులు కావు, రూపుమారిన ఆకులు. వాని నడుమ సన్నని తెల్లని గొట్టములవలె నుండునవే అసలు పువ్వులు. నీరు విస్తారముగా పోసినచో ఈ తీగ ఆకు వేయును. కొంత దప్పిగొన్నప్పుడే దానికి రంగు తేరును. వేసవికి ఇంతకంటె అనుకూలమైనది మరేమి కావలెను? గన్నేరును ఎండకు ఓర్చును గాని, దాని ఆకు, పువ్వు, కొమ్మ అన్నియు విషమే. పసిబిడ్డలు, పశువులు తిరుగు తావున దానిని నాటరాదు. మిగిలిన మొక్కలకు బియ్యము కడిగిన నీటిని, కూరలు కడిగిన నీటిని పారబోయక సాయంకాలము పోసి, పాదులలో ఎండుటాకులు పరచినచో తడి త్వరగా ఆరదు.

చలికాలపు రంగు చేమంతిది. అది చలికే పూయునని చాలమంది తలంతురు. నిజమునకు మొగ్గ తొడుగుటకు ముఖ్యకారణము రాత్రి పొడవు. పగటి నిడివిని అనుసరించి మొక్కలు పూయునను సంగతిని 1920లో గార్నర్, అల్లార్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. రాత్రులు పెరిగినకొలది చేమంతి పూతకు వచ్చును. వీథిదీపపు వెలుతురు రాత్రియంతయు పడుచోట నాటినచో అది ఏపుగా పెరిగి పూత మరచును. పొరుగింటి చేమంతి పూచి తమది పూయలేదని చింతించువారు దీపస్తంభము ఎచ్చట నున్నదో ముందుగా చూచుకొనవలెను.

ఎండ పడు తావును నెలనుబట్టి మారును. రాజమహేంద్రవరమువంటి చోట మే రెండవ వారము మొదలు ఆగస్టు మొదటి వారము వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కొంచెము ఉత్తరమున నుండును. తక్కిన కాలమంతయు దక్షిణముననే. డిసెంబరులో ఇంటి నీడ ఉత్తరపు దొడ్డిలో దూరముగా పడును. చేమంతిని అచ్చట నాటినచో దానికి ఎండ చాలదు, దక్షిణమున నాటవలెను. ఉత్తరపు గోడ ప్రక్క క్రోటను మొక్కలుంచినచో పూలు లేకున్నను ఆకులే రంగునిచ్చును.

ఇక బంతి. విత్తిన రెండు, రెండున్నర నెలలకు అది పూతకు వచ్చును. విత్తనమంతయు ఒక్కసారి చల్లరాదు. ఆషాఢాంతమున కొంత చల్లినచో దసరాకు, ఆశ్వయుజాంతమున మిగిలినది చల్లినచో సంక్రాంతికి గుమ్మములకు దండలు దొరకును. నల్లరేగడి నేలలో మాత్రము వాననీరు నిలిచి వేరు కుళ్లును గనుక, అచ్చట మట్టిని జానెడెత్తు బోదెగా పోసి దానిపై నారు నాటవలెను.