చాకీ తప్పా, ఎండ తప్పా? షీట్‌లో లెక్క వేసి చూద్దాం



పంట పోయినప్పుడల్లా మన దగ్గర ముందు వచ్చే మాట ఒకటే: "చాకీ బాగాలేదు." ఒక్కోసారి అది నిజమే, ఒక్కోసారి కాదు. నోటిమాట మీద చాకీ సెంటర్ మార్చేసి, అసలు కారణం మన షెడ్‌లోనే ఉంటే, వచ్చే పంట కూడా పోతుంది. అందుకని ఈసారి, గుంపులో అందరి పంటలూ రాసుకునే షీట్‌లో రెండు మూడు షరతులకు సరిపోయే వరుసలు మాత్రమే ఎట్లా లెక్కపెట్టాలో చెప్తాము. ఎక్సెల్‌లోనూ గూగుల్ షీట్స్‌లోనూ ఇది ఒకే రకంగా పనిచేస్తుంది, ఫోన్‌లో కూడా.

*షీట్ ఇట్లా ఉండాలి*

ఒక పంటకు ఒక వరుస. మొదటి వరుసలో తలకట్టు. నిలువు గడులు ఇవి:
ఎ – రైతు పేరు
బి – చాకీ ఎక్కడిది (చాకీ1, చాకీ2)
సి – సీజన్ (ఎండ, వాన, చలి)
డి – 100 గుడ్లకు వచ్చిన గూళ్ళు, కిలోల్లో
ఇ – రోగం

40 పంటలుంటే 2వ వరుస నుంచి 41వ వరుస దాకా వస్తాయి. కింద చెప్పే అంకెలు నేర్చుకోవడానికి వేసినవి. మీ షీట్‌లో మీ అంకెలు వస్తాయి.

*మొదటి లెక్క*

100 గుడ్లకు 50 కిలోల కంటే తక్కువ వస్తే పంట పోయినట్టు అనుకుందాం. చాకీ1 నుంచి తెచ్చి పోయిన పంటలు ఎన్ని?

=కౌంట్ఇఫ్స్(బి2:బి41,"చాకీ1",డి2:డి41,"<50")

ఫార్ములా పేరును, గడుల అక్షరాలను ఇంగ్లీషులోనే కొట్టాలి: సి, ఓ, యు, ఎన్, టి, ఐ, ఎఫ్, ఎస్. చివరి ఎస్ మరిచిపోకండి. అది లేని ఫార్ములా ఒక్క షరతే తీసుకుంటుంది. బ్రాకెట్ లోపల జతలు జతలుగా రాయాలి: ఎక్కడ చూడాలి, ఏమి ఉండాలి, మళ్ళీ ఎక్కడ, ఏమి. అన్ని షరతులూ ఒకే వరుసలో కుదిరితేనే ఆ వరుస లెక్కలోకి వస్తుంది.

జవాబు 6 వచ్చిందనుకుందాం. చాకీ2కి వేస్తే 5. ఇక్కడే ఆగితే చాకీ1 చెడ్డది అనేస్తాము.

*రెండో లెక్క: మొత్తంలో ఎన్ని?*

=కౌంట్ఇఫ్స్(బి2:బి41,"చాకీ1",డి2:డి41,">=0")

చాకీ1 పంటలు మొత్తం 26, చాకీ2వి 14. అంటే 26లో 6, 14లో 5. ఇప్పుడు మాట తిరగబడింది, చాకీ2 చెడ్డదిగా కనిపిస్తుంది. ">=0" ఎందుకంటే, ఇంకా గూళ్ళు కాని పంటలకు డి గడి ఖాళీగా ఉంటుంది; వాటిని మొత్తంలో కలపకూడదు.

*మూడో లెక్క: ఎండ కలిపితే*

=కౌంట్ఇఫ్స్(బి2:బి41,"చాకీ2",సి2:సి41,"ఎండ",డి2:డి41,"<50")

ఎండలో చాకీ2 పంటలు 10, పోయినవి 5. చాకీ1వి 6, పోయినవి 3. రెండూ సగానికి సగం! మిగిలిన కాలంలో చాకీ1 20లో 3 పోయినాయి, చాకీ2 4లో ఒక్కటీ పోలేదు. నాలుగు పంటలతో తీర్పు చెప్పలేము గానీ, ఒకటి మాత్రం తెలిసింది: చాకీ2 తెచ్చినవాళ్ళు ఎక్కువమంది ఎండాకాలంలో మేపినారు, అందుకే దానికి చెడ్డపేరు వచ్చింది. ముందు చూడాల్సింది షెడ్ వేడి. పెద్ద పురుగులకు 24–25 డిగ్రీలు, 70 శాతం దగ్గర తేమ కావాలని మనకు తెలిసిందే. కప్పు మీద నీడ, కిటికీలకు తడి గోనెసంచులు, ఆకు వాడిపోకుండా దాచడం – ఆ దిక్కు వెతకాలి. లెక్క కారణం చెప్పదు, ఎక్కడ వెతకాలో చూపిస్తుంది.

*తప్పులు వచ్చే చోట్లు*

1. "చాకీ1" వేరు, "చాకీ 1" వేరు. మధ్యలో ఖాళీ ఉంటే లెక్కలోకి రాదు. రోగం పేరు కూడా అందరూ ఒకే రకంగా రాయాలి.

2. డి గడిలో "48 కిలోలు" అని రాస్తే అది అంకె కాదు, మాట అయిపోతుంది. 48 అని మాత్రమే వెయ్యండి.

3. పంట పూర్తిగా పోయి ఒక్క గూడూ రాకపోతే 0 వెయ్యండి. మనసు కష్టంతో ఖాళీ వదిలేస్తే "<50" దాన్ని చూడదు. అన్నిటికంటే పెద్ద నష్టమే లెక్కలో లేకుండా పోతుంది.

4. ప్రతి జతలో వరుసలు సమానంగా ఉండాలి. ఒకటి 41 దాకా, ఇంకొకటి 40 దాకా ఉంటే జవాబు రాదు, ఎర్రర్ చూపిస్తుంది.

5. పాలరోగం లేదా సున్నపుకట్టు, ఏదైనా సరే అంటే రెండు ఫార్ములాలు వేసి మధ్యలో + పెట్టాలి. ఇ గడికి రెండు షరతులూ ఒకే ఫార్ములాలో పెడితే 0 వస్తుంది. ఒక గడిలో రెండు పేర్లు ఒకేసారి ఉండవు కదా.

6. "<>ఎండ" అంటే ఎండ కానివన్నీ. సీజన్ రాయని ఖాళీ గడులు కూడా అందులో పడతాయి, కాబట్టి ఆ గడి ఎప్పుడూ నింపండి.

గూళ్ళు మార్కెట్‌కి పోయిన రోజు రాత్రే ఆ పంట వరుస నింపండి. బాగా వచ్చిన పంట కూడా రాయండి. పోయినవి మాత్రమే రాస్తే రెండో లెక్క వేయలేము, మళ్ళీ నోటిమాటకే వస్తాము.