పరదేశములో పండుగ: ఏది నిలుపుకోవాలి, ఏది మార్చుకోవచ్చు?



గత క్రిస్మస్ రాత్రి శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లె సంఘములో ఆరాధన ముగిశాక ఒక తల్లి ఫోను తెచ్చి మా చేతికిచ్చారు. కొడుకు కువైట్‌లో వెల్డరు. మనకు అర్ధరాత్రి పన్నెండయితే అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. "ఏటి తిన్నావురా?" అని ఆమె అడిగితే "బిర్యానీ తిన్నానమ్మా" అని చెప్పాడు. మేము ఫోను పట్టుకొని పక్కకు వెళ్లాక అసలు సంగతి చెప్పాడు. "అయ్యగారూ, డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చాను. కుబ్బూసు, పప్పు తిన్నాను. ఇక్కడ ఈ రోజు సెలవు కాదు. పండగ చేసుకోలేదంటే అమ్మ ఏడుస్తాది." అతని అనుమతితో, పేరూ ఊరూ చెప్పకుండా ఈ మాట రాస్తున్నాము.

ఉద్దానం పల్లెలు మొదలుకొని బొబ్బిలి, పార్వతీపురం వరకు ఇలాంటి ఫోను రాని సంఘము తక్కువ. ఒక ఇంటి కొడుకు గల్ఫ్‌లో ఫిట్టరు, మరో ఇంటి కొడుకు సింగపూర్‌లో, ఇంకో ఇంటి కూతురూ అల్లుడూ అమెరికాలో. అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: గుడి లేదు, సెలవు లేదు, మనవాళ్లు లేరు, మరి పండుగ ఎలా?

ఈ ప్రశ్న మన ప్రాంతానికి కొత్త కాదు. మన పెద్దలు రంగూన్‌ను 'రంగం' అనేవారు. ఓడలెక్కి అక్కడికి కూలికి వెళ్లినవారిలో ఉత్తరాంధ్రవారు ఎందరో. శ్రీకాకుళంలో పరిచర్య చేసిన కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు ఆర్మ్‌స్ట్రాంగ్ గారు, ఆయన భార్య హన్నా మరియ నోరిస్ గారు 1880లలో బర్మాకు వెళ్లి, అక్కడి తెలుగు, తమిళ వలసదారుల మధ్య పనిచేశారు. ఆ దొరసాని గారిది మంచు కురిసే నోవాస్కోషియా. అంటే మనకు సువార్త తెచ్చినవారే తమ క్రిస్మస్‌లను ఇంటికి దూరంగా, మన ఎండల్లో చేసుకున్నారు. పరదేశములో పండుగ మన సంఘ చరిత్రలో మొదటి పేజీ నుంచీ ఉంది.

ఇంకా వెనక్కి వెళ్దాము. నిర్గమకాండము 12వ అధ్యాయములోని మొదటి పస్కా ఎక్కడ జరిగింది? దేవాలయములో కాదు, సొంత దేశములోనూ కాదు. ఐగుప్తులో, ఇంటింటా, నడుము కట్టుకొని ప్రయాణానికి సిద్ధంగా నిలబడి తిన్న పండుగ అది. ఆ అధ్యాయములో రెండు సంగతులు గమనించండి.

ఒకటి, 4వ వచనములో ఉంది. గొర్రెపిల్లను తినడానికి ఇంటివారు చాలకపోతే పొరుగింటివారిని కలుపుకోవాలి. చిన్న కుటుంబము ఒంటరిగా మిగిలిపోకుండా దేవుడు పండుగలోనే ఏర్పాటు చేశాడు. రెండవది 26, 27 వచనాలలో ఉంది. ఈ ఆచారమేమిటని పిల్లలు అడుగుతారు, పెద్దలు జవాబు చెప్పాలి. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయము కూలిపోయింది, బలులు ఆగిపోయాయి. అయినా యూదులు చెదరిపోయిన ప్రతి దేశములోనూ పస్కా నిలిచింది. పిల్లవాడి ప్రశ్న, పెద్దల జవాబు భోజనపు బల్ల దగ్గర నిలిచాయి కాబట్టే అది నిలిచింది.

కాబట్టి పరదేశములో ఉన్నవారికి మేము చెప్పేది ఇదే. జవాబు చెప్పడము, పొరుగువారిని కలుపుకోవడము, ఈ రెండూ నిలుపుకోండి. మిగిలినవి మార్చుకోవచ్చు.

తేదీ మార్చుకోవచ్చు. బైబిలులో క్రీస్తు పుట్టిన తేదీ లేదు. డిసెంబరు 25ను రోము సంఘము ఆచరించినట్లు ఆధారాలు నాలుగవ శతాబ్దమునాటివి. నేటికీ అర్మేనియా సంఘము జనవరి 6న, ఐగుప్తులోని కాప్టిక్ సంఘము జనవరి 7న చేసుకుంటాయి. కువైట్‌లో వారపు సెలవు శుక్రవారము గనుక అక్కడి సంఘములు ఎక్కువగా శుక్రవారమే కూడుకుంటాయి. కాబట్టి 25న డ్యూటీ ఉంటే దగ్గరలోని సెలవు రోజున పండుగ చేసుకోండి. అది తక్కువ పండుగ కాదు.

వంటకము మార్చుకోవచ్చు. అరిసెలకు కొత్త బియ్యము దొరకకపోతే ఖర్జూరాలు పంచండి. అయితే ఒక్కరే తినవద్దు. గదిలో ఉన్న కేరళ సోదరుణ్ని, ఫిలిప్పీన్స్ సహోదరిని, మతమేదైనా ఒంటరిగా ఉన్న పనివాణ్ని పిలవండి. అదే మీ పొరుగిల్లు.

అమెరికా, కెనడాలలోని కుటుంబాలకు ఇబ్బంది వేరు. అక్కడ సెలవు ఉంది, దీపాలున్నాయి. కానీ పిల్లలకు పండుగ అంటే బహుమతుల పెట్టెలుగానే తెలిసే ప్రమాదముంది. వారికి ఒక కొత్త ఆచారము సూచిస్తున్నాము. పండుగ రోజున తాతయ్యకో నానమ్మకో ఫోను చేయించండి. "మన ఇంటికి సువార్త ఎలా వచ్చింది? మొదట ఎవరు నమ్మారు?" అని పిల్లలచేత అడిగించండి. ఆ కథ వినడానికి అరగంట చాలు. తెలుగు చదవడము రాని పిల్లలకు లూకా 2వ అధ్యాయములో నాలుగు వచనాలు నేర్పించి అప్పజెప్పించండి. మనకు అర్ధరాత్రి ఆరాధన మొదలయ్యేసరికి షికాగోలో 24వ తేదీ మధ్యాహ్నము పన్నెండున్నర. పిల్లలు మెలకువగానే ఉంటారు.

ఇక ఇక్కడున్న మనము చేయవలసినవి.

మొదటిది మా కాపరుల తప్పు ఒప్పుకోవడము. మైకు సెట్టుకూ, స్టేజీ అలంకరణకూ చందా రాసేటప్పుడు విదేశాల్లో ఉన్న పిల్లల పేర్లు ముందు రాస్తాము. సంఘ ప్రార్థనలో ఆ పేర్లు ఎన్నిసార్లు పలికాము? ఈ డిసెంబరులో ప్రతి సంఘములో వారి పేర్లు ఒక్కొక్కటిగా చదివి ప్రార్థించండి. చందా మాట ఆ రోజు ఎత్తవద్దు.

రెండవది తల్లిదండ్రులకు. కొత్త బట్టలకూ విందుకూ డబ్బు పంపమని పండుగ ముందు ఒత్తిడి చేయకండి. కొందరు అక్కడ అప్పు చేసి పంపుతున్నారు. "ఏం పంపావు?" అని కాక "ఎలా ఉన్నావు?" అని అడగండి. బిడ్డ నిజము చెప్పగలిగే ఇల్లుగా మన ఇల్లు ఉండాలి.

మూడవది జాగ్రత్త. సౌదీ అరేబియాలో ఇతర మతాల బహిరంగ ఆరాధనకు అనుమతి లేదు. అక్కడి గదిలో నలుగురు కలిసి ప్రార్థించిన ఫోటోలను మీరు ఇక్కడ ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. మీ సంతోషము వారికి కష్టము తేకూడదు.

మొదటి క్రిస్మస్ నాడు మరియ, యోసేపులు సొంత ఇంట్లో లేరు. తర్వాత బిడ్డను తీసుకొని ఐగుప్తుకు వలస వెళ్లారు. మన ప్రభువు బాల్యము కొంత పరదేశములోనే గడిచింది. పరదేశి బాధ ఆయనకు తెలుసు.

మేము ఆ యువకునితో ఫోనులోనే ప్రార్థించాము. తర్వాతి శుక్రవారము అతడు గదిలోని ముగ్గురితో కలిసి అన్నము, కోడికూర వండుకొని పండుగ చేసుకున్నాడట. ఆ రోజే తల్లికి ఫోను చేసి, 25న తిన్నది బిర్యానీ కాదని తానే చెప్పాడట. ఆమె ఏడ్చారు. తర్వాత, "ఆ ముగ్గురి పేర్లూ చెప్పురా, ప్రార్థన చేస్తాను" అన్నారట.

ప్రభువు కృప దూరాన ఉన్న మన బిడ్డలందరికీ తోడై యుండును గాక. ఆమేన్.