వడి వేరు, వేగం వేరు

స్పీడూ వెలాసిటీ ఒకటే కదా తాతయ్యా, ఇంగ్లీషువాళ్ళు రెండు మాటలెందుకు పెట్టారు అని మొన్న మా మనవరాలు నిలదీసింది. మా ఊళ్ళోనే ఇందా పేటలో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఇంగ్లీషువాళ్ళనే ఎందుకనాలమ్మా? మనముండేది ఖరగ్‌పూర్‌లో, వీధి మలుపు తిరిగితే భాష మారే ఊరు. నీ పక్కింటి బెంగాలీ పిల్లాడి పుస్తకంలో స్పీడు ద్రుతి, వెలాసిటీ బేగ్. హిందీ పుస్తకంలో చాల్, వేగ్. మన తెలుగు పుస్తకాల్లో వడి, వేగం. ఎవరికివారు రెండేసి మాటలు పెట్టుకున్నారంటే ఏదో అవసరం ఉండే ఉంటుంది.

చిక్కంతా వాడుకలో ఉంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనికొచ్చి ఇక్కడే ఉండిపోయిన మన ఇళ్ళల్లో ‘బేగి రా’ అంటారు. అంటే తొందరగా రమ్మని, అంతే. ఏ దిక్కు నుంచి రావాలో ఎవరూ చెప్పరు. వడిగా నడిచినా, వేగంగా నడిచినా ఇంట్లో ఒకటే. సైన్సు దగ్గరకొచ్చేసరికి మాత్రం ఎంత జోరు అన్నదొక్కటే చెబితే వడి, ఎటువైపు అన్నది కూడా కలిపి చెబితే వేగం. అంకెతో సరిపోయేవి స్కేలార్లు, దిక్కు కూడా కావలసినవి వెక్టార్లు. 1840లలో ఈ పేర్లు పెట్టినవాడు ఐర్లండు గణితవేత్త హామిల్టన్.

మన డైలీ ప్యాసింజర్ల సంగతి చూడు. పొద్దున్నే లోకల్ ఎక్కి హౌరా వెళ్ళి, రాత్రికి ఇల్లు చేరతారు. పోనూ రానూ దాదాపు 230 కిలోమీటర్లు. బండిలో మొత్తం 5 గంటలు కూర్చున్నారనుకుంటే సగటు వడి గంటకు 46 కిలోమీటర్లు. మరి సగటు వేగం? సున్నా! బయల్దేరిన చోటికే వచ్చి చేరారు కనక స్థానంలో మార్పేమీ లేదు. ఈ లెక్క వాళ్ళకి చెప్పకు, అసలే అలిసిపోయి ఉంటారు.

రైల్వేవాళ్ళకి దిక్కు విలువ మొదటి నుంచీ తెలుసు. అందుకే అప్, డౌన్ అని విడదీశారు. లెక్కల్లో ప్లస్, మైనస్ చేసే పని అదే. 60 మీద పోయే రెండు బళ్ళు ఎదురెదురుగా దాటుకుంటే, కిటికీలోంచి చూసే నీకు అవతలి బండి 120 మీద దూసుకుపోతుంది. పక్కపక్కన ఒకే వైపు పోతుంటే కదలనట్టే ఉంటుంది. రెండు సందర్భాల్లోనూ వడి 60యే.

అసలు కథ వంపు దగ్గర ఉంది. ఇంజన్లో స్పీడోమీటరు చక్రం ఎంత జోరుగా తిరుగుతోందో చూసి చెబుతుంది. దానికి దిక్కుతో పనిలేదు. బండి 100 మీద వంపు తిరుగుతున్నా ముల్లు 100 దగ్గరే నిలబడుతుంది. కానీ దిక్కు క్షణక్షణం మారుతోంది కాబట్టి వేగం మారుతున్నట్టే. వేగం మారాలంటే బలం కావాలి, న్యూటన్ చెప్పిందదే. తాడుకు రాయి కట్టి గిరగిరా తిప్పితే ఆ బలం తాడులోంచి వస్తుంది. రైలుకి తాడు లేదు కదా, మరెక్కడి నుంచి వస్తుంది?

పట్టా నుంచే. వంపు బయటివైపు పట్టా చక్రం అంచుని లోపలికి తోస్తుంది. భారమంతా ఆ పట్టా మీదే వేస్తే అరిగిపోతుంది, లోపల కూర్చున్నవాళ్ళు ఓ పక్కకి ఒరిగిపోతారు. అందుకని బయటి పట్టాని కాస్త ఎత్తులో వేస్తారు. బండి లోపలివైపు వాలుతుంది, కావలసిన బలంలో చాలా భాగం దాని బరువు నుంచే వస్తుంది. ఈ ఎత్తునే పట్టాల పని చూసే పర్మనెంట్ వే వాళ్ళు క్యాంట్ అంటారు. రెండు పట్టాల మీద అడ్డంగా ఒక కడ్డీ పెట్టి, అందులోని రసమట్టంలో బుడగ మధ్యకొచ్చేలా సర్ది, తేడా ఎన్ని మిల్లీమీటర్లో చదువుతారు.

లెక్క చూస్తావా? 875 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపులో 100 మీద పోయే బండికి పూర్తిగా సరిపోయే ఎత్తు సుమారు 157 మిల్లీమీటర్లు. అదే వంపులో 50 మీద పోయే గూడ్సుకి? సగం కాదు, నాలుగో వంతు, సుమారు 39 మిల్లీమీటర్లే. వడి వర్గాన్ని బట్టి ఎత్తు మారుతుంది. ఎక్స్‌ప్రెస్సూ గూడ్సూ ఒకే పట్టా మీద పోవాలి కాబట్టి ఇంజనీర్లు మధ్యేమార్గంగా ఒక ఎత్తు ఖాయం చేస్తారు. ఎక్స్‌ప్రెస్సుకి అది తక్కువై బయటి పట్టా మీద ఒత్తిడి పడుతుంది, నెమ్మదిగా పోయే గూడ్సుకి ఎక్కువై లోపలి పట్టా నలుగుతుంది. వేగంలో దిక్కు ఎందుకని నన్నడిగావు గానీ, ఆ పట్టాలని అడగాల్సింది.

తుపాను బులెటిన్‌లో కూడా గాలి ఎంత జోరుగా వీస్తోందో చెప్పి ఊరుకోరు, ఏ దిక్కు నుంచో చెబుతారు. రేకుల ఇంటివాళ్ళకి అదే ముఖ్యం.

కాబట్టి తల్లీ, పరీక్షలో వెలాసిటీ ఎంత అని అడిగితే అంకె వేసి, పక్కన గంటకు కిలోమీటర్లని రాసి పెన్ను దించేయకు. దిక్కు కూడా రాయి. అది లేకపోతే నువ్వు రాసింది స్పీడే, మార్కులు కోసినా మాస్టారిని తప్పుపట్టడానికి లేదు.