నీటి వెంట సైకిలు బాట

విజయవాడలో సైకిలు కొనటం తేలిక. దాని మీద ఎక్కడికి పోవాలన్నదే కష్టం. వన్ టౌన్ సందుల్లో సైకిలును మించిన వాహనం లేదనుకోండి. కాళేశ్వరరావు మార్కెట్టు దగ్గర లారీల సరుకు దిగుతూంటే, పంజా సెంటరులో ఆటోలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూంటే, చల్లగా పక్కనుంచి జారిపోగలిగింది సైకిలు ఒక్కటే. కాని ఊరు దాటితే ఒక వైపు ఏలూరు రోడ్డు, ఒక వైపు బందరు రోడ్డు, మరొక వైపు హైదరాబాదు రోడ్డు. మూడింటి మీదా పెద్ద బళ్ళ దూకుడు చూస్తే గుండె దిటవుగలవారికి కూడా భయం వేస్తుంది. అందుకే పుట్టినరోజుకు పిల్లవాడికి సైకిలు కొనిచ్చిన తండ్రే, "వీధి మలుపు దాటావో, జాగ్రత్త!" అని హద్దు గీస్తున్నాడు.

అయితే ఈ ఊరికి రోడ్లు కాక వేరే దారులు కూడా ఉన్నవి. వాటి మీద ఎత్తుపల్లాలు లేవు. పక్కన నీళ్ళు, అవతల పచ్చని చేలు. అవే మన కాలువ గట్లు, కృష్ణ కరకట్ట.

పడవ లాగిన దారి

కాలువ గట్టు సైకిలుకు ఇంత అనువుగా ఉండటానికి కారణం తెలియాలంటే కొంచెం వెనక్కు పోవాలి. 1832-33 సంవత్సరాల కరువులో గుంటూరు సీమ ప్రజలు లెక్కకు మిక్కిలిగా చనిపోయారు. ఆ తరువాత కృష్ణకు ఆనకట్ట కట్టాలన్న ఆలోచన బలపడింది. సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1852లో పని మొదలై 1855లో ముగిసింది. ఇప్పటి గాంధీ కొండను పూర్వం ఓర్ కొండ అనేవారు. ఆనకట్టకు 1952లో గండిపడగా, దానికి బదులు కట్టినదే ప్రకాశం బారేజి. 1954లో ఆరంభించి 1957లో పూర్తిచేశారు.

ఆ ఇంజనీర్లు తవ్వించిన కాలువలు పొలాలకు నీరివ్వటమే కాక పడవలకు రహదారులు కూడా అయినవి. బారేజి ఎడమ వైపున బయలుదేరిన నీరు వన్ టౌన్ అంచునుంచి ఊళ్ళోకి వచ్చి ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ అని మూడుగా చీలుతుంది. ఏలూరు కాలువ పోయి గోదావరి కాలువతో కలుస్తుంది. కుడి వైపున కొమ్మమూరు కాలువ బకింగుహాం కాలువతో కలుస్తుంది. అందుచేత ఒకప్పుడు కాకినాడలో ఎక్కించిన సరుకు బెజవాడ మీదుగా మద్రాసు దాకా నీటి మీదనే పోయేది.

గాలి ఉంటే రహదారి పడవకు తెరచాప ఎత్తేవారు. గాలి పడిపోతే పడవవాళ్ళు గట్టు ఎక్కి, తాడు భుజాన వేసుకుని, ముందుకు వంగి మైళ్ళ తరబడి లాగేవారు. లాగే మనిషికి గట్టు చదునుగా ఉండాలి. పడవ ఎదురు నడవాలంటే నీటి వడి తక్కువగా ఉండాలి. అందుకే కాలువకు మైలుకు కొద్ది అంగుళాల వాలు మాత్రమే ఇచ్చి, మిగిలిన పల్లాన్నంతా లాకుల దగ్గర ఒక్కచోట దింపారు. లాకు అంటే రెండు తలుపుల మధ్య నీటి గది. పడవ లోపలికి వచ్చాక వెనుక తలుపు మూసి, నీరు పెంచో తగ్గించో పడవను మెట్టు ఎక్కించినట్టు ఎక్కిస్తారు, దింపుతారు. రైళ్ళు, ఆ పైన లారీలు వచ్చి పడవలను మాన్పించినవి. గట్టు మాత్రం మిగిలింది. లాగేవాడి కాళ్ళకు సుఖమైన దారి తొక్కేవాడి కాళ్ళకూ సుఖమే గదా!

మూడు ప్రయాణాలు

మొదటిది ఇంటిల్లిపాదీ పోదగినది. తెల్లవారుజామున వన్ టౌన్‌లో బయలుదేరి, కనకదుర్గమ్మ కొండ కింద నుంచి బారేజి ఎక్కండి. దాని పొడవు 1223 మీటర్లు. భారీ వాహనాలకు దాని మీద ప్రవేశం లేదు గనుక నింపాదిగా పోవచ్చు. అవతల గట్టున సీతానగరం. అక్కడనే పశ్చిమ డెల్టా కాలువ బయలుదేరుతుంది. మరికొంత దూరం పోతే ఉండవల్లి గుహలు. కొండను నాలుగు అంతస్తులుగా తొలిచిన వింత అది. లోపల పవళించిన విష్ణుమూర్తి నిలువెత్తు మనిషికి మూడింతల పొడవు ఉంటాడు. ఎండ ముదరకముందే ఇల్లు చేరి ఇడ్లీ తినవచ్చు.

రెండవది కరకట్ట ప్రయాణం. ఇది కాలువ గట్టు కాదు. కృష్ణ వరద ఊళ్ళ మీద పడకుండా కట్టిన కట్ట. మహాశివరాత్రికి ప్రభలు కట్టే యనమలకుదురు దాటితే పట్నం రొద వెనుకబడుతుంది. పెదపులిపాక, చోడవరం, రొయ్యూరు, తోట్లవల్లూరు వరుసగా వస్తాయి. కుడి చేతి వైపు లంకలు, అరటి, పసుపు, కంద తోటలు. ఎడమ వైపు వరి చేలు. ఓపిక ఉన్నవారు శ్రీకాకుళం దాకా పోవచ్చు. అది 50 కిలోమీటర్ల పైమాటే. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు పోతూ అక్కడి ఆంధ్రమహావిష్ణువును సేవించి, స్వప్నంలో స్వామి ఆజ్ఞ పొంది ఆముక్తమాల్యద రచించాడని ప్రసిద్ధి. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం చెప్పింది కూడా ఆ స్వామి మీదనే.

మూడవది కూచిపూడి ప్రయాణం. రోజంతా పడుతుంది, రాత్రి మజిలీ చేసి మర్నాడు తిరిగి రావటం మంచిది. బందరు రోడ్డు ఇప్పుడు నాలుగు వరుసల రహదారి అయినది. కనుక కంకిపాడు, ఉయ్యూరు దాకా వీలైన చోటనల్లా గట్టు దారులు, ఊళ్ళ మధ్య దారులు పట్టి పోవాలి. పామర్రులో దక్షిణానికి తిరిగితే కూచిపూడి, ఆ పక్కనే మువ్వ. సిద్ధేంద్రయోగి ఊరిని, క్షేత్రయ్య గోపాలుణ్ణి ఒకే పూట చూసిన పుణ్యం దక్కుతుంది.

గట్టు మర్యాదలు

ఈ దారులకు కార్తికం నుంచి మాఘం దాకా అనువైన కాలం. వానాకాలంలో నల్లరేగడి మట్టి మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగనివ్వదు. సైకిలును మనమే మొయ్యాలి. వేసవిలో కాలువలు కట్టివేస్తారు గనుక నీరుండదు, ఎండ మాత్రం ఉంటుంది. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల వచ్చిన తరువాత కృష్ణ కాలువల్లోకి గోదావరి నీరు కూడా వస్తున్నది. తొలకరి రోజుల్లో మీ పక్కన పారేది గోదావరమ్మ కావచ్చు.

కోతల రోజుల్లో రైతులు రోడ్డు మీదనే ధాన్యం ఆరబోస్తారు. అప్పుడది వారి కళ్ళం. దాని మీద చక్రం పోనివ్వరాదు. దిగి, పక్కనుంచి నడిపించుకుపోవాలి. గేదెల మందకు దారి వదలాలి. నీళ్ళ సీసా, గాలి పంపు, పంక్చరు సామాను దగ్గర ఉండాలి. అన్నిటికంటె ముఖ్యం: చాలాచోట్ల గట్టుకు పిట్టగోడ లేదు. కనుక పొద్దుగూకిన తరువాత గట్టు ఎక్కరాదు, పిల్లలను చేల వైపున నడపాలి, ఈత నేర్పిన తరువాతనే తీసుకుపోవాలి.

కావలసినది కొంచెమే

ఇతర దేశాలవారు ఇటువంటి దారులను పారవేసుకోలేదు. ఫ్రాన్సులో 17వ శతాబ్దంలో తవ్విన మీదీ కాలువ 240 కిలోమీటర్ల పొడవు. గుర్రాలు పడవలను లాగిన ఆ గట్ల మీద ఈనాడు కుటుంబాలు సైకిళ్ళు తొక్కుతున్నవి. అమెరికాలో 1825లో తెరిచిన ఈరీ కాలువ వెంట కూడా అటువంటి బాట ఉన్నది. మన హైదరాబాదులో 2023లో ఔటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట వేసి, పైన సౌరఫలకాల కప్పు వేశారు. మన గట్లకు అంత ఖర్చు అక్కరలేదు. గట్టి కంకర, మలుపుల దగ్గర కమ్మీలు, వరుసగా నిద్రగన్నేరు చెట్లు చాలు.

దీనివల్ల లాభం సైకిలు తొక్కేవారికే అనుకోరాదు. సుమారు 13 లక్షల ఎకరాలు ఈ కాలువల మీద బతుకుతున్నవి. అయినా పట్నంలో మనం వాటికి వీపు తిప్పి ఇళ్ళు కట్టుకున్నాము. చెత్త వేస్తున్నాము, మురుగు వదులుతున్నాము. గట్టు సంగతి ఎవరికీ పట్టకపోతే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్ వాసులు చూశారు. ఆ రోజులలోనే బారేజి వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల వరద పారింది. అంత నీరూ కృష్ణలంక మీద పడకుండా ఆపింది ఒక గోడ. గట్టు విలువ అటువంటిది.

వారానికొకసారి గట్టు మీద తిరిగేవారికి ఎక్కడ మట్టి జారిందో, ఎక్కడ చెత్తకుప్ప పెరిగిందో, ఏ తూముకు అడ్డం పడిందో తెలుస్తుంది. తెలిసినవారు పదిమంది ఉంటే అడిగేవారు ఇద్దరైనా ఉంటారు. కనుక వచ్చే ఆదివారం టైర్లకు గాలి కొట్టించండి. అమ్మాయికి ఒక సైకిలు, అబ్బాయికి ఒక సైకిలు. మొదట బారేజి దాటి రండి. కరకట్ట సంగతి తరువాతి వారం చూసుకోవచ్చు.