నీళ్లడిగితే నామినేషన్ రేటు పెంచారు

ఎన్నికలు రాగానే దళితవాడకు జీపులొస్తాయి. పింఛను, ఇల్లు, రేషన్ కార్డు అన్నీ మైకులో వినిపిస్తాయి. బోరు నీళ్ల గురించో, డంపింగ్ యార్డు పొగ గురించో, ఫార్మా కంపెనీ రాత్రిపూట వదిలే కంపు గురించో అడిగితే మాత్రం 'గెలిచాక చూద్దాం' అంటారు. ఓటర్లకే పర్యావరణం పట్టదు కాబట్టి పార్టీలు మాట్లాడవని కొందరు మేధావులు తీర్పు చెబుతుంటారు. మేము ఒప్పుకోం. 1996లో నల్లగొండ ఓటర్లు ఏం చేశారో గుర్తున్నవాళ్లెవరూ ఒప్పుకోరు.

నల్లగొండ నేల కింద ఉన్నది గ్రానైటు. ఆ రాయిలోని ఫ్లోరైడ్ నీళ్లలో కరుగుతుంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే అది తాగే నీరు కాదు. ముందు పిల్లల పళ్లు గారపడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ కీళ్లు బిగుసుకుపోతాయి, వెన్ను వంగుతుంది, కాళ్లు దొడ్డిపోతాయి. ఎముక ఒకసారి వంగాక దాన్ని సరిచేసే మందు లేదు. బోరు అందరికీ ఒకటే కదా, ఇందులో కులమేముంది అని అడిగేవాళ్లున్నారు. ఎండలో కూలి చేసే మనిషి ఎక్కువ నీళ్లు తాగుతాడు, దాంతోపాటు ఎక్కువ ఫ్లోరైడూ తాగుతాడు. పాలు, కాల్షియం అందని ఒంటిని ఈ జబ్బు మరింత గట్టిగా పట్టుకుంటుంది. నీళ్ల క్యాను కొనుక్కోగలిగిన ఇల్లు తప్పించుకుంటుంది, చేతిపంపే దిక్కైన వాడ తప్పించుకోలేదు.

ఇదే జిల్లా అంచున కృష్ణా నది పారుతోంది. నాగార్జునసాగర్ డ్యాం కట్టిందీ ఇక్కడే. ఆ నీళ్లు కిందికి పారాయి గానీ మునుగోడు, దేవరకొండ వైపు మెట్ట ఊళ్లకు ఎక్కలేదు.

దీంతో 1996 లోక్‌సభ ఎన్నికల్లో జల సాధన సమితి పిలుపుతో జనం మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. ఒక్క నల్లగొండ స్థానంలోనే 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. బ్యాలెట్ కాగితం పుస్తకమైపోయింది. పోలింగ్ వాయిదా పడింది. చివరికి సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు, దాదాపు మిగతా అందరి డిపాజిట్లూ గల్లంతయ్యాయి. అయితే ఏం, ఫ్లోరైడ్ గోడు ఢిల్లీ దాకా వినిపించింది.

జవాబు ఏమొచ్చింది? ఆ ఏడాది దేశమంతా కలిపి 13,952 మంది పోటీ చేశారు. బెళగావిలో, తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో కూడా వందలాది మంది ఇలాగే నిలబడ్డారు. 'సీరియస్ కాని' అభ్యర్థులను ఆపాలంటూ అదే ఏడాది పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించింది. లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 250 ఉన్నది 5,000 అయింది. సగం రాయితీ కాగితం మీద అలాగే ఉంది, కానీ భారం ఇరవై రెట్లు. స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. 1998కి అభ్యర్థుల సంఖ్య 4,750కి పడిపోయింది. నీళ్లు లేక నిలబడ్డ మనిషి కంటే సీరియస్ అభ్యర్థి ఎవరో ఆ సవరణ చేసినవాళ్లే చెప్పాలి.

ఇప్పుడు డిపాజిట్ 25,000, ఎస్సీ, ఎస్టీలకు 12,500. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు 170 మందికి పైగా నామినేషన్లు వేసి నిలబడ్డారు. భూమి, పంట ఉన్నవాళ్లు కాబట్టి అంత డబ్బు కట్టగలిగారు. కూలిజనం కట్టగలరా?

మిషన్ భగీరథ నీళ్లు 2016 తర్వాతే రావడం మొదలైంది. అంటే ఆ నామినేషన్ల నాటికి పుట్టిన పిల్లకు ఇరవై ఏళ్లు వచ్చాక. ఆ లోపు ఎముకలు ఆగవు కదా. డిపాజిట్ పెంచడానికి మాత్రం కొన్ని నెలలే పట్టింది.

2013లో సుప్రీంకోర్టు తీర్పుతో నోటా వచ్చింది. కోపం చూపించుకోవడానికి పనికొస్తుంది గానీ, నోటాకు ఎన్ని ఓట్లు పడ్డా మిగతావాళ్లలో ఎక్కువ వచ్చినవాడే ఎమ్మెల్యే. పైగా ఆ మీట నీళ్ల కోసం నొక్కామో, రోడ్డు కోసం నొక్కామో ఎవరికీ తెలియదు. వాడలో ఉన్న రెండు, మూడు వందల ఓట్లు రెండు లక్షల్లో ఎక్కడ కలిసిపోతాయో కూడా కనిపించదు. పార్టీల లెక్క ఇదే. కాలుష్యం ఎప్పుడూ ఒక వాడకో, ఒక ఊరికో గుచ్చుకుంటుంది, గెలుపు మాత్రం నియోజకవర్గమంతా కలిపి లెక్కిస్తారు.

అందుకే ఓటు దగ్గరే ఆగకూడదని మేము అంటున్నాం. అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఏయే కంపెనీల్లో షేర్లున్నాయో అందులో రాయాలి. మన చెరువులోకి వ్యర్థాలు వదిలే ఫ్యాక్టరీ పేరు అందులో ఉందేమో వెతకాలి, ఉంటే వాడకు వచ్చినప్పుడు పదిమందిలో అడగాలి. కొత్త ఫ్యాక్టరీ వస్తుంటే 2006 నోటిఫికేషన్ ప్రకారం చాలావాటికి ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. దానికి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, వీడియో తీయాలి, చివర్లో జరిగినదంతా స్థానిక భాషలో చదివి వినిపించాలి. సాధారణంగా టెంటు వేసి, ముందు వరసలో కంపెనీవాళ్లు తెచ్చుకున్న మనుషుల్ని కూర్చోబెడతారు. మనవాళ్లు పొద్దున్నే వెళ్లాలి. అభ్యంతరం రాసిన కాగితం రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోవాలి. చివర్లో చదివి వినిపించేదాకా అక్కడే ఉండాలి, మనం చెప్పింది అందులో లేకపోతే అప్పుడే లేచి అడగాలి.