ఓపల్ రాయియు, వరి యూకయు

బంటుమిల్లి, పెడన, గుడివాడ ప్రాంతములలో పుట్టి పెరిగినవారికి రాయి పొరుగూరి వస్తువు. ఇచట పలుగు వేసినచోటనెల్ల నల్లమన్ను, ఒండ్రు, ఇసుక. ఇంటి పునాదికి కావలసిన కంకర సైతము ఎగువనుండి లారీలలో రావలసినదే. అట్టి నేలపై నిలిచి రాళ్లను సేకరించు ముచ్చట చెప్పబూనుట వింతగా తోపవచ్చును. అయినను తపాలాబిళ్లలు, నాణెములు కూర్చుకొనునట్లే రాళ్లను కూర్చుకొను వేడుక గల చెల్లెండ్రు మనలోను కలరు. వారికొఱకు రాళ్లలో మిక్కిలి సున్నితమైన ఓపల్‌ను గూర్చి వ్రాయుచున్నాము.

పేరు మనకు పరాయిది కాదు. లాటిను భాషలోని ‘ఓపలస్’ అను మాటకు సంస్కృతమందలి ‘ఉపల’ శబ్దమే మూలమని భాషావేత్తలు పలువురు తలంతురు. ఉపలమనగా రాయి. మన మాటయే సముద్రములు దాటి, నగల పెట్టెలో క్రొత్తపేరుతో తిరిగివచ్చినదన్నమాట.

వజ్రము, కెంపు, పలుగురాయి, ఇవన్నియు స్ఫటికములు. వానిలో అణువులు పెడన మగ్గముమీది పడుగు పేకలవలె వరుస తప్పక అమరియుండును. ఓపల్ అట్టిది కాదు. అది గట్టిపడిన జిగురు వంటిది. ఇసుకలోని ముఖ్యద్రవ్యమగు సిలికా నీటితో కలిసి, ఆఱి, బిగిసినదే ఓపల్. దాని బరువులో సాధారణముగా నూటికి 3 మొదలు 10 పాళ్లవఱకు నీరే యుండును.

గ్రానైటులో ఇది పుట్టు విధము తెలిసికొనదగినది. ఆ రాతిలో పలుగురాయి, ఫెల్‌స్పార్, అభ్రకము ముఖ్యమైనవి. వాననీరు బొగ్గుపులుసు వాయువును గ్రహించి, కొంచెము పులుపెక్కి, రాతి నెఱ్ఱెలలోనికి దిగును. పలుగురాయి దానికి ఇంచుమించు లొంగదు. ఫెల్‌స్పార్ మాత్రము యుగములతరబడి నాని సుద్దమన్నుగా మాఱును. ఆ మార్పులో కొంత సిలికా విడివడి నీట కఱగును. ఆ నీరు నెఱ్ఱెలో నిలిచి మెల్లగా ఆవిరియైనప్పుడు, చల్లారిన గంజిమీద తెట్టు కట్టినట్లు, రాతి గోడమీద సిలికా పొర కట్టును. పొరమీద పొర పేరుకొని బొట్లుబొట్లుగా బిగియును. కొన్నిచోట్ల ఈ పని వాననీటిది కాదు. కఱగిన రాయి చల్లారి గ్రానైటగునప్పుడు కట్టకడపట మిగిలిన వేడినీళ్లది, ఆవిరిది.

గ్రానైటు నెఱ్ఱెలలో దొరకు ఓపల్‌లో గాజువలె తేటగా నుండు రకమునకు హయలైట్ అని పేరు. ఉడికిన సగ్గుబియ్యమును రాతికి అంటించినట్లుండును. నమీబియా దేశపు ఎరోంగో కొండల గ్రానైటులో దొరకినవి సేకరణకర్తలలో ప్రసిద్ధములు. నగలలోని ఓపల్‌కువలె దీనికి ఇంద్రధనుస్సు వన్నెలు లేవు. ఆ వన్నెల గుట్టును 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో కనిపెట్టిరి. మిల్లీమీటరును పదివేల పాళ్లు చేసిన అందు రెండు మూడు పాళ్లంత గల సిలికా గుండ్లు, ఒకే పరిమాణమున, బుట్టలో పేర్చిన నిమ్మపండ్లవలె వరుసగా నుండి వెలుగును విఱుచును. హయలైట్‌లో అట్టి పేర్పు లేదు. అయినను నోట్లను పరీక్షించు అతినీలలోహిత దీపమును చీకటిలో దానిపై వేసినచో, లేశమాత్రముగా చేరిన యురేనియమువలన, తఱచు లేతపచ్చగా మెఱయును. మా కన్నులకు ఆ పచ్చదనమే నగలలోని ఏడు వన్నెలకంటె అందము.

క్రొత్తగా దిగిన కంకరకుప్పను యజమాని సెలవుతో భూతద్దముపెట్టి వెదకవచ్చును. దొరకుట దుర్లభము, వెదకుట నష్టము కాదు. పలుగురాయితో గీచిన ఓపల్‌పై గీటు పడును. పలుగురాతిపై చాకుగీటు పడదు. దొరకిన ముక్కను దూదిలో పెట్టి, దొరకిన చోటు, తేది వ్రాసి యుంచవలెను. ఎండలోను, పొయ్యి దాపునను ఉంచరాదు. లోని నీరు ఆఱి బీటలు వాఱవచ్చును.

శుక్రునికి ప్రీతియని చెప్పి ఓపల్ ఉంగరములను మనవారికి అమ్ముచున్నారు. జాతకముల మాట మాకు పట్టదు. సొమ్ము మాట పట్టును. ‘ఓపలైట్’ అను పేర అమ్మబడునది తఱచు పాలవన్నె గాజు మాత్రమే. 2008 మొదలు ఇథియోపియాలోని వొల్లో నుండి విరివిగా వచ్చుచున్నది నిజమైన ఓపలే గాని, అందు పెక్కు రాళ్లు నీటిని పీల్చుకొనును. పసుపు, నూనె, సబ్బునీరు తగులు వ్రేలికి అట్టి రాయి తగదు. వంటయింటికి పోవునప్పుడు తీసి పెట్టవలెను.

ఇక నెఱ్ఱెలో చిక్కక పోయిన సిలికా మాట. అది వాగులలో కలిసి, కృష్ణలో పడి, కాలువలవెంట మన చేలకు వచ్చును. వరి వంటి పైరు దానిని వేళ్లతో త్రాగి, ఆకులలోను, ఊకలోను మరల ఓపల్‌గానే దాచుకొనును. వరియాకు చేతిని కోయుట, చేటలోని ఊక గఱుకు, ఊకబూడిదతో తోమిన ఇత్తడిచెంబు తళతళ, అన్నిటికిని ఈ సిలికాయే కారణము. 75 కిలోల ధాన్యపు బస్తాను మరపట్టిన సుమారు 15 కిలోల ఊక వచ్చును. దానిని కాల్చిన 3 కిలోల బూడిద. అందు నూటికి 90 పాళ్లు సిలికా. ఈ మొక్క ఓపల్ మన్నులో వేల యేండ్లు చెడక నిలుచును. చైనాలోని షాంగ్‌షాన్‌లో దొరకిన ఇట్టి రేణువులను పరీక్షించియే అచటి వరిని సుమారు 9,400 ఏండ్ల నాటిదని 2017లో నిర్ణయించిరి.

అయితే ఆ బూడిదను పొడిగా విసరి, దుమ్ము పీల్చరాదు. మిక్కిలి వేడిలో కాలినచో సిలికా స్ఫటికముగా మాఱి ఊపిరితిత్తులకు హాని చేయును. తడిపి తోముకొనిన భయము లేదు.

హయలైట్ దొరకనివారు ఒక చిన్న సీసాలో ఊక పోసి, భూతద్దముతో చూడవచ్చును. పొట్టుమీద చాలులు తీర్చినట్లు సన్నని బుడిపెలు కానవచ్చును. ఓపల్ మిక్కుటముగా నున్నది అచటనే. ఆ సీసామీదను చేను పేరు, కోసిన తేది వ్రాయుట మఱవరాదు.